బొంగరానికి పెట్టిన బొట్టు

టూవూంబా,
దసరా మర్నాడు

మంగళకు,

ఇక్కడ నేనూ, శ్రావ్యా, కుండీలో నీ కరివేపాకు మొక్కా క్షేమం. డార్విన్ ఉక్కలో, ఆసుపత్రి డ్యూటీల మధ్య నువ్వూ వేళకు తింటూ క్షేమంగా ఉన్నావనుకుంటాను. ఫోన్లో మాట్లాడితే పన్నెండేళ్ళ మన పిల్ల పక్క గదిలో ఉన్నా అంతా వింటుంది కనుక ఈ ఉత్తరం.

ఆయుధపూజ చేశారా అని అడిగావు. నువ్వు లేవని మానేస్తానా? కారుకీ, మిక్సీకీ, నా లాప్‌టాప్‌కీ బొట్లు పెట్టాను. గంధం కాస్త చిక్కగా కలిసింది. ఆ ఊపులో బల్ల మీదున్న శ్రావ్య బొంగరానికీ ఒకటి పెట్టేశాను.

అదే కొంప ముంచింది. అది మామూలు బొంగరం కాదు, అయస్కాంతం. కింద పలకలో ఉన్న పెద్ద అయస్కాంతం దాన్ని పైకి తోస్తుంది. గిర్రున తిరుగుతున్నంతసేపే తలకిందులు కాకుండా గాల్లో నిలుస్తుంది. బరువు పిసరంత ఎక్కువైతే లేవదు, తక్కువైతే ఎగిరి పక్కకి పడుతుంది. స్కూల్లో సైన్స్ ఫెయిర్ కోసం చిన్న చిన్న వాషర్లు తగిలిస్తూ, తీస్తూ శ్రావ్య వారాల తరబడి కుదుర్చుకున్న బరువు నా బొట్టుతో చెడింది.

"నాన్నా, యూ కిల్డ్ ఇట్!" అని ఒకటే ఏడుపు. తుడిచేద్దామని తడిగుడ్డ తెచ్చాను. ముక్కు ఎగబీలుస్తూ, "నో, లీవ్ ఇట్. అమ్మ ఉంటే అమ్మ కూడా పెట్టేది" అంది. ఒక వాషర్ తీసి, సన్నది ఇంకోటి వేసి, మళ్ళీ మళ్ళీ తిప్పింది. చివరికి బొట్టుతోనే లేచింది మంగళా! నేను చప్పట్లు కొడితే గాలి తగులుతుందని కసిరింది. పట్టుదల ఎవరి పోలికో నేను చెప్పను.

ఇప్పుడు ఇన్నాళ్ళూ దాచిన మాట. నీకక్కడ ఉద్యోగం పర్మనెంటయిందని, జనవరిలో మనమంతా డార్విన్ మారిపోతున్నామని చెప్పిన రోజే శ్రావ్య, "మీరు వెళ్ళండి, ఐ యామ్ నాట్ కమింగ్" అని తలుపేసుకుంది. తర్వాత ఆ ఊసే ఎత్తనివ్వలేదు. పిల్ల ఏమందని నువ్వడిగినప్పుడల్లా "ఏముంది, సరే అంది" అని దాటేశాను. నిజం తెలిస్తే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తావని భయం. దానికోసం ఎంత ఎదురుచూశావో నాకు తెలుసు. మీ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కనై చాలా బాధపడ్డాను. కోప్పడకు.

ఈ పొద్దున ఇడ్లీ తింటూ శ్రావ్య అడిగింది, "నాన్నా, అమ్మ ఇంట్లో రూమ్ టెంపరేచర్ ఎంత?"

"ఎందుకమ్మా?"

"హీట్‌కి మాగ్నెట్ వీక్ అవుతుంది కదా. అక్కడ బొంగరం ఇంకా లైట్‌గా ఉండాలి. ఎన్ని వాషర్స్ తీయాలో ఐ నీడ్ టు నో."

చట్నీ కోసం అన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

అందుకని, ఇంట్లో ఏసీ ఎంతలో పెడతావో వెంటనే రాయి. నాకు కాదు, నీ కూతురికి రాయి.

ఇట్లు,
శ్రావ్య వాళ్ళ నాన్న,
అచ్యుత్