వెనక సీట్లో మౌనవ్రతం

సెప్టెంబరు 6, శనివారం

ఉదయం 5.30. ఈ నోటుబుక్కు క్లినిక్‌లో డాక్టరమ్మ అనూహ్య ఇచ్చింది. విజయవాడ పిల్ల, మాట మెత్తన. నా బీపీ చూసి, "పెద్దమ్మగారూ, మీకొచ్చే భయాలన్నీ పైకి అనేయకుండా ఇందులో రాసుకోండి, తగ్గుతుంది" అంది. నేను చదివింది ఐదో తరగతి. పేజీలు సరిపోతాయా అని అప్పుడే భయం పట్టుకుంది.

నిన్నటి సంగతి. మామా బండి మళ్లీ గ్యారేజీల పేట అయిన షువైఖ్‌లో గ్యారేజీకి పోయింది. మామా అంటే ఈ అరబ్బు దేశంలో నేను ఇరవై ఏడేళ్లుగా వంట చేసి పెడుతున్న ఇంటి పెద్దావిడ. ఆవిడ పెనిమిటి బతికుండగా కొన్న బండి అది. ఇరవై రెండేళ్లదయింది. ఒక్క నెలలో నాలుగుసార్లు గ్యారేజీకి పోయింది, నాలుగుసార్లూ నేను చెబితేనే. ఒకసారి కిర్రుమందన్నాను. ఒకసారి గుర్రుమందన్నాను. ఒకసారి కాలిన వాసనన్నాను. నాలుగోసారి, అసలు చప్పుడే లేదేమిటని భయపడ్డాను. మెకానిక్ ముజీబ్‌ది మన ప్రొద్దుటూరే. చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "రెడ్డెమ్మక్కా, ఈ బండికి సగం రోగాలు ఇంజన్లో ఉండాయి, సగం నీ నోట్లో ఉండాయి."

మామా కొడుకు ఫైసల్ బాబా హాల్లో నిలబడి తేల్చేశాడు. 18న బండికి సర్కారు తనిఖీ. ఆలోగా ఇంకొక్కసారి గ్యారేజీకి పోయిందా, ఖలాస్! బండిని అమ్మేసి కొత్తది తెస్తాడు. కొత్త బండికి కొత్త డ్రైవర్. అల్లాబకష్‌కు ఊరికి టికెట్టు.

అల్లాబకష్ మా డ్రైవర్. కడప మనిషి. నాకంటే మూడేళ్లు చిన్న, అక్కా అంటాడు. ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి, స్లాబు పడలేదు. వాన వస్తే ఆయన భార్య రజియా బీ మంచాన్ని గోడవారకు లాక్కుని, గొడుగు కింద కూర్చుని ఇక్కడికి ఫోన్ చేస్తుంది. ఇంకొక్క ఏడాది ఉద్యోగం ఉంటే స్లాబు పడుతుంది. నా నోటి మూలాన ఆ ఇల్లు మొండిగోడలుగా మిగిలిపోతే?

అందుకని ఈ రోజు నుంచి నా నిర్ణయం:

1. 18వ తేదీ దాకా బండిలో నోరు తెరవను.
2. బండి గురించి తలుచుకోను కూడా.
3. తలుచుకున్నా రాయను. (పైన రాసింది లెక్కలోకి రాదు.)

ఎంత హాయిగా ఉంది! ఇంత సులువని తెలిస్తే ఇరవై ఏళ్ల కిందటే మానేసేదాన్ని.

సెప్టెంబరు 7, ఆదివారం

9.00. చేపల మార్కెట్టుకు బయలుదేరాం. అల్లాబకష్ వెనకాల నేను, నా పక్కన మామా. ఎప్పుడూ ఇవే సీట్లు.

9.05. టక్... టక్... మాట్లాడలేదు!

9.10. టక టక టక టక. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను!

9.25. అల్లాబకష్ అద్దంలో నన్ను చూశాడు. "ఏమక్కా, ఒంట్లో బాగలేదా? ఈ పొద్దు బండి యాడ పోతాందో నాకే తెలీడం లే." మామా అర్థం కాకపోయినా నవ్వింది. నేనూ నవ్వాను.

9.40. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరింది. నా తల పైన తగిలింది. మామా తల కూడా తగిలింది. ఆ స్పీడ్ బ్రేకర్ ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంది. స్ప్రింగులు పోయినట్టున్నాయి. అయినా అనలేదు!

నాకు నేనే పదికి పది మార్కులు వేసుకున్నాను.

సెప్టెంబరు 8, సోమవారం

7.00. నోరొక్కటి మూస్తే చాలదని తెలిసింది. బయటికి పోవాల్సిన చప్పుడు కడుపులోకి పోయి తిరుగుతోంది. రాత్రంతా పొట్టలో టకటక. బండెక్కగానే చెవుల్లో దూది పెట్టుకున్నాను. అబ్బ! బండి ఒక్కసారిగా కొత్తదైపోయింది!

8.15. బండి రౌండెబౌట్ చుట్టూ మూడుసార్లు తిరిగింది. మామా పెదవులు కదులుతున్నాయి, చేతులు ఊగుతున్నాయి. స్టీరింగు పట్టేసి ఉంటుంది. పాపం, ముసలి బండి.

సాయంత్రం 4.00. అల్లాబకష్ వంటింటి గుమ్మంలో టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నా మీద కోపమా అక్కా?"

"కోపమేంటికి?"

"మరి నోరిప్పవే! నువ్వు అరవకుంటే నాకు చేతులాడడం లే."

"నోరు నొప్పిగా ఉండాదిలే" అన్నాను. అసలు సంగతి చెబితే ఆయన కూడా భయపడతాడు. ఇద్దరం భయపడితే బండి ఎవరు నడపాలి?

సెప్టెంబరు 9, మంగళవారం

10.20. కాలిన వాసన! నిర్ణయంలో ముక్కు సంగతి రాయలేదు. అంటే చెప్పొచ్చా? నోటితోనే కదా చెప్పాలి. చెప్పకూడదు.

10.25. రెండు మాస్కులు కట్టుకుని, లోపల అమృతాంజనం రాసుకున్నాను. కళ్లలో నీళ్లు ధారగా కారాయి. నేను ఏడుస్తున్నానని మామా నా చేయి పట్టుకుంది.

12.00. ఇల్లు చేరాక తెలిసింది. అది మామా బురఖాకు పట్టిన సాంబ్రాణి పొగ. చూశావా, చెప్పి ఉంటే ఇంకోసారి గ్యారేజీకి పోయేవాళ్లం! మౌనమే మంచిది.

సెప్టెంబరు 10, బుధవారం

8.30. స్టీరింగు పక్కన ఎర్రదీపం వెలిగింది. దీపం చప్పుడు చేయదు, వాసన రాదు. కానీ వెలుగుతోంది! ఇక మిగిలింది కళ్లే. మూసేసుకున్నాను. రెప్పల సందులోంచి కూడా ఎర్రగానే కనబడుతోంది. మామా నల్లకళ్లద్దాలు అడిగి తీసుకుని పెట్టుకున్నాను.

8.40. చెవుల్లో దూది, మూతికి రెండు మాస్కులు, కళ్లకు నల్లద్దాలు. మామా నా భుజం పట్టి ఊపింది. ఒక చెవిలో దూది తీసి విన్నాను. "రెడ్డెమ్మా, చచ్చిపోతున్నావా?" అని అడుగుతోంది. లా, లా, లేదు మామా అన్నాను. నమ్మలేదు. బండి క్లినిక్‌కు తిప్పించింది.

9.30. డాక్టరమ్మ బీపీ చూసింది. మళ్లీ చూసింది. "రాసుకుంటున్నారా?" అంది. రాస్తున్నానన్నాను. "మరి ఇదంతా ఏంటండీ?" అంది. ప్రశాంతత కోసమని చెప్పాను. మాత్ర పెంచింది.

వచ్చేటప్పుడు బండి క్లినిక్ ప్రహరీకి తగిలి ఆగింది. బ్రేకులు అరిగినట్టున్నాయి. నేను కళ్లు మూసుకుని ఉన్నాను కనుక నాకు తెలియనట్టే లెక్క. ఇంకా ఎనిమిది రోజులే. అల్లాబకష్ ఇంటి స్లాబును కళ్లముందు పెట్టుకున్నాను. అదొక్కటే చూడాలి.

సెప్టెంబరు 11, గురువారం

వరసగా రాస్తాను.

11.00. జమియాకు, అంటే మా కాలనీ సరుకుల దుకాణానికి పోయాం. మామా లోపలికి పోయింది. నేను నా సీట్లో దూది, మాస్కులు, అద్దాలు అన్నీ పెట్టుకుని కూర్చున్నాను.

11.30. పక్కసీటు బరువుగా కుంగింది. తలుపు పడ్డ అదురు తెలిసింది. బండి కదిలింది. మామా వచ్చిందనుకున్నాను.

11.35. బండి ఎక్కడో ఎగిరి పడింది. భయంతో మామా మోకాలు పట్టుకున్నాను. మామా ఏమీ అనలేదు. పాపం ఆవిడ కూడా భయపడిందేమో అని, కళ్లు తెరవకుండానే తడుముకుని ఆవిడకు బెల్టు పెట్టాను. ఏసీ గాలి ఆవిడ వైపు తిప్పాను.

11.50. ఇంటి ముందు ఆగాం. కళ్లు తెరిచాను.

బియ్యం బస్తా!

ఇరవై కిలోల బాస్మతి, బెల్టు పెట్టుకుని, చల్లగా కూర్చుని ఉంది. సరుకులు ఎక్కించే మనిషి తలుపు వేసిన చప్పుడుకే అల్లాబకష్ బండి తీసేశాడు. నేను "మామా ఎక్కింది, యల్లా, పోదాం పద" అంటేనే ఇన్నేళ్లూ బండి కదిలేది. ఈ రోజు నేను అనలేదు. ఆయన చూడలేదు.

"వెనక్కి తిరిగి చూడవా నువ్వు?" అని అరిచాను. మౌనం మంటగలిసింది.

"చూస్తిని అక్కా! తెల్లగా, లావుగా ఏదో కనపడె. మామా అనుకుంటి."

మామా పొద్దున నల్ల బురఖాలో బయలుదేరింది.

12.20. మామా టాక్సీలో దిగింది. ముఖం కందిపోయింది, చేతిలో కరిగిపోయిన ఐస్‌క్రీం డబ్బా. బండి దగ్గరికి వచ్చి, బెల్టు పెట్టుకున్న బస్తాను చాలాసేపు చూసింది.

"నేను ఇంత లావయ్యానా?" అంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఉదయం 10.00. మామా ఇద్దరినీ హాల్లోకి పిలిచింది. ఫైసల్ బాబా ఇంట్లో లేడు, అదొక అదృష్టం. నేను నిర్ణయం సంగతి మొత్తం చెప్పేశాను. అప్పుడు అల్లాబకష్ నోరు విప్పాడు.

"మూడేండ్ల నుంచి దూరంవి అలుక్కుపోయినట్టు కనపడతాండాయి అక్కా. చెబితే ఇంటికి పంపిస్తారని చెప్పలే. నువ్వు 'సిగ్నల్' అంటే బ్రేకు తొక్కుతా. 'ఒంటె' అంటే హారన్ కొడతా. 'మనమొచ్చే దారి ఇదికాదు' అంటే తిప్పుతా. ఈ వారం నువ్వు నోరు మూస్తివి. నాకు కండ్లు పోయినట్టుండె."

ఎగిరిపడింది స్ప్రింగులు పోయి కాదు. గోడకు తగిలింది బ్రేకులు అరిగి కాదు. నేను భయంతో అరిచే అరుపులతో మూడేళ్లుగా బండి నడిచింది! చెత్త నోరు, చెత్త నోరు అనుకున్నాను ఇన్నాళ్లూ. దాన్ని మూస్తే మామా ప్రాణం మీదికి వచ్చింది.

నేను అరబ్బీలో చెబుతుంటే మామా ఒక్కొక్క మాటకూ కళ్లు పెద్దవి చేసింది. తిడుతుందనుకున్నాను. లేచి, జపమాల లాంటి తస్బీ పక్కన పెట్టి అంది: "కళ్లు ఆదివారం చూపిద్దాం. అప్పటిదాకా ఎవరూ ఎక్కడికీ పోవద్దు. రెడ్డెమ్మా, నువ్వు ఇంకెప్పుడూ నోరు మూయొద్దు. ఫైసల్‌కు ఏమీ తెలియకూడదు. యల్లా, పోండి."

అల్లాబకష్ గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చాడు. "మామా అంత గబగబా ఏమనె అక్కా? టికెట్టా?"

"కండ్లద్దాలు" అన్నాను.

ఆ మనిషి ఏడ్చాడు.

సెప్టెంబరు 14, ఆదివారం

టాక్సీలో పోయాం. కళ్ల డాక్టర్ అల్లాబకష్‌ను అక్షరాలు చదవమంటే, ఆయన అలవాటు కొద్దీ నా వైపు చూశాడు. నేనూ అలవాటు కొద్దీ మొదటి అక్షరం "ఇ" అని అందించాను. డాక్టర్ నన్ను బయట కూర్చోబెట్టాడు.

సెప్టెంబరు 16, మంగళవారం

9.00. అద్దాలొచ్చాయి. మందంగా ఉన్నాయి. పెట్టుకుని ముందు నన్ను చూశాడు. "అక్కా, నువ్వింత ముసలిదానివైతివా!" అన్నాడు. సరే, అద్దాలు పని చేస్తున్నాయి.

9.10. బండి దగ్గరికి పోయాడు. చుట్టూ తిరిగాడు. వంగి కింద చూశాడు. టైరును వేలితో తాకి చేయి వెనక్కి లాక్కున్నాడు.

"ఇదేంది?"

"మన బండి."

"ఈ బండా? ఇన్నేండ్లూ మామాను నేను దీంట్లో కూర్చోబెట్టి తిప్పింది? అక్కా, దీని కింద తుప్పులో బొక్క ఉండాది, బొక్కలోంచి నేల కనపడతాంది! టైర్లు గుండు కొట్టినట్టుండాయి! నీకు కనపడలేదా?"

కనపడింది నాయనా. ఇరవైసార్లు చెప్పాను. నోట్లో రోగమన్నారు.

9.15. మామా బయటికి వచ్చింది. అల్లాబకష్ తాళాలు నా చేతిలో పెట్టాడు. "నేను ఎక్కను. చచ్చిపోతాను" అన్నాడు. నేనిన్నేళ్లుగా అనే మాట! నా గొంతు ఇంత ఘోరంగా ఉంటుందా?

సెప్టెంబరు 17, బుధవారం

సాయంత్రం 5.00. రేపే తనిఖీ. ఫైసల్ బాబా, మామా, నేను, గేటు దగ్గర అల్లాబకష్. టైర్ల సంగతీ, బొక్క సంగతీ మామా చెప్పేసరికి బాబా అడిగాడు: తనిఖీకి ముందు టైర్లు మార్చి, కింద బొక్క మూయించి ఇంకొన్నాళ్లు లాగించడమా, అమ్మేసి కొత్తది తేవడమా? మామా నా వైపు తిరిగింది. "రెడ్డెమ్మ చెబుతుంది. బండి కొన్ననాటి నుంచీ వెనక సీట్లో కూర్చుని దాని రోగాలు చెప్పింది తనే."

బండి అమ్మితే కొత్త డ్రైవర్. కొత్త డ్రైవరంటే రజియా బీ గొడుగు. అమ్మకపోతే అందరం ఒకరోజు ఆ బొక్కలోంచి నేల మీద పడతాం. అల్లాబకష్ గేటు దగ్గర నుంచి నన్నే చూస్తున్నాడు, అద్దాల్లో కళ్లు ఇంత పెద్దవిగా.

"బండిని మార్చండి బాబా" అన్నాను. "మనిషిని మార్చొద్దు. మనిషికి రిపేరు అయిపోయింది."

బాబా నవ్వాడు. "కొత్త డ్రైవర్‌కు వయసు తక్కువ, కళ్లు బాగుంటాయి" అన్నాడు.

"కళ్లు బాగుండొచ్చు" అంది మామా, "కానీ వాడు రెడ్డెమ్మ మాట వింటాడా? ఈ ఇంట్లో మాట వినే మగవాడు వీడొక్కడే."

బాబా మళ్లీ నవ్వి, సరే అన్నాడు. అల్లాబకష్ ఉంటాడు. బండి ఖలాస్.

ఊరికి ఫోన్ చేసి రజియా బీకి చెప్పాం. "అన్నకు కండ్లు బాగా కనపడతాండాయా వదినా?" అంది. సంతోషంలో వరసలు తారుమారై మొగుణ్ణే అన్నను చేసేసింది.

సెప్టెంబరు 20, శనివారం

4.00. కొత్త బండి వచ్చింది! తెల్లగా, మెత్తగా ఉంది. ఇక భయపడటానికేమీ లేదు. కాబట్టి ఈ రోజు నుంచి నిజంగానే మౌనం!

4.10. రోడ్డు మీది గీత దాటితే బండి కీ మంది. బెల్టు వదిలితే కీ కీ. వెనక్కి పోతే కీ కీ కీ. ముందు బండి దగ్గరైతే ఎర్రదీపం వేసి మరీ కీచుమంది. అల్లాబకష్ స్టీరింగును రెండు చేతులా కౌగిలించుకున్నాడు. "అక్కా, ఇది నీకంటే ఎక్కువ భయపడతాంది!"

4.15. అంటే ఇక నాతో పనేముంది? ఇన్నేళ్లుగా నేను చేసిన పనంతా ఈ ఇనుప డబ్బా చేస్తోంది!

4.20. "పిల్లి!" అని అరిచాను. అల్లాబకష్ బ్రేకు తొక్కాడు. పిల్లి దాటిపోయింది. ఆ తర్వాత కీ మంది బండి. తర్వాత!

4.30. మామా ముందుకు వంగి అల్లాబకష్ భుజం తట్టింది. "ఈ బండి నోరు ఎట్లా మూయించాలో కనుక్కో. రెడ్డెమ్మ చెప్పేది వినపడటం లేదు."

6.00. సరే, ఈ రోజు ఎలాగూ పోయింది. రేపు ఆదివారం. రేపటి నుంచి గట్టిగా:

1. కొత్త బండిలో నోరు తెరవను.
2. తెరిచినా, బండి కీ మన్న తర్వాతే తెరుస్తాను. (పిల్లులకు ఇది వర్తించదు.)
3. స్లాబు పోసిన రోజున రజియా బీకి ఫోన్ చేసి, మీద నీళ్లు కట్టమని పదిసార్లు చెప్పను. ఐదుసార్లు చాలు.