కన్ను తెరవని అమ్మవారు

హైదరాబాదు,
ఆదివారం.

ఆళ్లగడ్డలో మామకు, అల్లుడు రామాచారి నమస్కారాలు.

నేను బాగున్నాను. అత్త మోకాళ్ల నొప్పి ఎట్లుందో బామ్మర్దితో రాయించండి. ఇక్కడ జొన్నరొట్టె దొరుకుతోంది, బెంగ వద్దని చెప్పండి. చలి మొదలైంది. ఈశ్వరి పోయాక ఈ ఊరు వచ్చి ఏడు నెలలు. ఆదివారాలు గడవడం కష్టం. అందుకని తిరుగుతున్నాను.

మామా, ఇక్కడ చూడవలసినవి ఎన్ని ఉన్నాయో! పాతబస్తీలో ఒకాయన ఇంటి నిండా పాత తలుపులు నిలబెట్టాడు. ఆ చెక్కడాల దగ్గర మీకు పూట గడిచిందే తెలియదు. ఇంకొకచోట చాయ్ హోటలు గోడలకే చిత్రకారులు బొమ్మలు తగిలిస్తారు. చాయ్ తాగే ప్రతివాడూ వాటిలో తప్పులు ఎంచుతాడు.

అసలు సంగతి మా మ్యూజియంలోది. విగ్రహాల కింది పలకలకు తెలుగు రాయడం నా పని కదా. కొత్త గదికి ఒక అమ్మవారు వచ్చింది. నల్లరాయి, నడుమెత్తు. కాలక్రమంలో కళ్లు అరిగిపోయినవని ఇంగ్లీషు పలక. తెలుగు రాయబోతే చెయ్యి సాగలేదు. పోయి చూశాను. ముక్కు కొస పదునుగా ఉంది. గోళ్లు ఉన్నాయి. హారంలో ఒక్క ముత్యం చెదరలేదు. కళ్లు మాత్రమే ఎట్లా అరుగుతాయి?

వాచ్‌మన్ మన శిరివెళ్ల మనిషి. నవ్వాడు.

"ఏందప్పా, ఆయమ్మను అంతసేపు చూస్తాండావ్? పెండ్లిచూపులా?"

ఆయనకు నా సంగతి తెలియదు.

"కండ్లు చూస్తాండా."

"కండ్లు యాడుండాయప్పా ఆయమ్మకు!"

"అదే."

పెండ్లయిన కొత్తలో మీ పనికొట్టంలో ఒక విగ్రహం ముందు నిలబడితే ఈశ్వరి నా రెక్క పట్టి ఈడ్చింది. "పక్కకు రా! నాయన ఉలితో దానికి కండ్లు తెరుస్తాండాడు. తొలిచూపుకు అద్దం తప్ప ఎదురుగా ఏదీ ఉండగూడదు. బి.ఏ. చదివితివి, ఇది తెలీదా? గుడికి తీస్కపోయేటోళ్లు వచ్చినంకనే కండ్లు. రాకుంటే అట్లనే ఉంటాది."

ఈ అమ్మవారికి కళ్లు అరగలేదు మామా. తెరవనే లేదు! తీసుకుపోయేవాళ్లు రాలేదు. ఆఫీసరు గదికి దాదాపు పరుగెత్తాను.

"ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు.

"పుస్తకం కాదు సార్. నా భార్య చెప్పింది."

"అయితే ఆమెను పిలుచుకురా."

ఆమె ఇక లేదని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె ఎవరి బిడ్డ అని అడిగాడు. ఆళ్లగడ్డ శిల్పి అని మీ పేరు చెప్పాను. "ఆయన వచ్చి, చూసి చెబితే పలక మారుస్తాను. అమావాస్య దాటిన సోమవారం గది తెరుస్తాం. ఆ లోపల," అన్నాడు.

ఆమె పోయినప్పటి నుంచి మీరు ఉలి ముట్టలేదని, గడప దాటడం లేదని బామ్మర్ది రాశాడు. ఊరు విడిచి వచ్చినవాణ్ణి, మీకు చెప్పేపాటి వాణ్ణి కాను. ఉలి పట్టమనడం లేదు. వచ్చి చూడండి, చాలు. నంద్యాలలో బస్సు మారి కర్నూలు చేరితే అక్కడ రైలు ఉంది. బామ్మర్దిని తోడు తెచ్చుకోండి. స్టేషనులో నేనుంటాను. వస్తున్నామని ఒక్క మాట తంతి కొట్టించండి.

అత్త పాదాలకు నమస్కారం. చిన్నవాళ్లకు దీవెనలు. మీ ఇద్దరి ఆశీస్సు నాకు కావాలి.

తెలుగు పలక ఇంకా రాయలేదు. మీరు రాకపోతే, అరిగిపోయినవని నా చేత్తోనే రాయాలి. ఈశ్వరి చెప్పింది నిజమని తెలిసీ రాయాలి.

మీ అల్లుడు,
రామాచారి