మూడో చుట్టు

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు లక్ష్మీదేవికి, తిరుమణి నుంచి అక్క రత్నమ్మ దీవెనలు. దేవుని దయవల్ల మేమిద్దరం బాగున్నాం. నువ్వు, మరిది, పిల్లలు కులాసాయే కదా? పిన్నమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది?

ముందు ఇక్కడి ఒక పొద్దు సంగతి చెబుతాను. రోజూ జరిగేదే. నేను ముగ్గేసి, దీపం వెలిగించి కూర్చుంటాను. మీ బావ బయట మన పాత కారు స్టార్టు చేస్తాడు. ఇంజను కాసేపు గలగలమని ఊరుకుంటుంది. సోలారు ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళు ఎక్కుతారు, వాళ్ళతో నేనూ. కంచె దాటితే కనుచూపు మేర అద్దాలే. గాలి మాత్రం మనూరి గాలే.

మొన్న ఒక రోజు ఆ గలగల ఆగలేదు. ప్యానెళ్ళు కడిగే ఓబులమ్మ తలుపు తీస్తూ, “ఏందక్కా, బండిలో బొరుగులు వేయిస్తాండారా?” అంది. అందరూ నవ్వారు. మీ బావ నవ్వలేదు.

ఈ ఆడవాళ్ళను పనికి చేర్చే ఆ కారు ఆగితే మీ బావకు ఇక్కడ పని లేదు. ఊరికి తిరిగి రావలసిందే. ఇల్లు ఊడ్చి పెట్టమని నీకు ఫోను చేసింది అందుకే.

పావగడ నుంచి మెకానిక్కు మస్తాను వచ్చాడు. ఇంజను ముందు మూత విప్పి, అడుగున ఆయిలులోంచి గోధుమరంగు ముక్కలు తీశాడు.

“దువ్వెన పళ్ళా నాయనా?”

“కాదక్కా. చైను ఊగకుండా పట్టుకునే గైడు. ప్లాస్టిక్కు కదా, విరిగి ఉండాది. ఇంకా నడిపింటే చైను జారి ఇంజను నుజ్జయ్యేది.”

కొత్త గైడ్లు, కొత్త చైను వేశాడు. చైను మీది గుర్తులూ, పళ్ళచక్రాల మీది గుర్తులూ కలిపాడు. స్టార్టు చేసే ముందు ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలట. తిప్పాడు. చేతులు తుడుచుకోబోయాడు.

“మూడు కానీ నాయనా. రెండుతో ప్రదక్షిణం అవుతుందా?” అన్నాను.

“ఇది గుడి కాదు, ఇంజను,” అని మీ బావ కసురుకున్నాడు.

“పోనీలేన్నా, అక్క మాట ఏల కాదనల్ల,” అని మస్తాను మూడోసారి తిప్పాడు. సగంలో చైను ఒక్కసారిగా ఊగింది. టార్చి వేసి వంగి చూశాడు. చైనును బిగబట్టే టెన్షనరుకు, అమర్చేటప్పుడు ఒక చిన్న పిన్ను పెడతారట. అది తీస్తేనే చైను బిగుస్తుందట; తీయడం మరిచాడు.

“ఇట్లే స్టార్టు చేసింటే అంతా పోయేదక్కా,” అన్నాడు మెల్లగా.

పిన్ను పీకి, గుర్తులు మళ్ళీ కలిపి, మళ్ళీ తిప్పాడు. ఈసారి ఎవరూ అడగకుండానే మూడు.

ఏం చెప్పను చెల్లెలా! తాళం తిప్పగానే అందుకుంది. గలగల లేదు. ఇంజను ఆడుతుంటే పక్కింటి దూడ అరుపు వినబడింది! సంతోషానికి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మీ బావ దిగి బానెట్టుకు మొక్కాడు. గుడి కాదన్న మనిషే!

ఓబులమ్మ పరుగున వచ్చి, “బొరుగులు అయిపోయినాయా అక్కా? మాకు మిగల్చలేదే!” అంది.

మరిది ఇటు వస్తే చింతపండు పంపు. ఇక్కడిది నా నాలుకకు ఆనడం లేదు. సాయంత్రాలు మీరంతా గుర్తుకొస్తారు. దిగులు పడేంత ఏమీ లేదు. పిన్నమ్మ పాదాలకు నా నమస్కారం చెప్పి, మా ఇద్దరినీ దీవించమను. పిల్లలకు ముద్దులు.

ఆ సాయంత్రం ముద్ద తింటూ మీ బావా నేనూ మాట్లాడుకున్నాం. తిరిగి రావడం లేదు. మా ఇల్లు మాకోసం ఊడ్చవద్దు. నీ చెనక్కాయల మూటలు అందులో వేసుకో.

మీ అక్క,
రత్నమ్మ