పోలీసుల కంటే ముందు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పల్లె కుర్రాళ్లు చెడుదారి పట్టకూడదని నువ్వు నడిపిన యువజన సంఘానికి పంచాయతీ సమితి వాళ్లు గ్రాంటు ఆపి, గదికి తాళం వేశారు. నెల తిరక్కుండానే, దొంగసారా మోస్తున్నారని ఇద్దరు పిల్లల్ని పోలీసులు పట్టుకుపోయారు. నేను భయపడి ఇందుకూరుపేట వెళ్లి, సంఘాన్ని మళ్లీ తెరిపించమని సమితి ప్రెసిడెంటు గారిని అడిగాను.

"వచ్చే ఏడు చూస్తాంలేమ్మా" అన్నారు.

"అప్పటికి పిల్లకాయలు మిగలాల గదయ్యా!" అన్నాను.

ఆయన సొరుగు తీసి గది తాళంచెవి ఇచ్చారు.

ఈ సాయంత్రం నేనే గది తెరిచాను. తొమ్మిది మంది వచ్చారు. నువ్వు నాకు అప్పగించిన నీ కొడుకు మాత్రం రాలేదు.

"మా శీనుగాడేడిరా?"

వాళ్లలో ఒకడు, "సారా మోసేదానికి పోయినాడక్కా" అన్నాడు.

వాణ్ణి వెతకడానికి బయలుదేరుతున్నానన్నా. పోలీసుల కంటే ముందు నేను వాణ్ణి చేరుకోవాలి.

నీ చెల్లెలు