పెళ్ళి పంచె మీద పురుగులు

మే 1, 1984. క్యారీ, అమెరికా. సాయంత్రం 6:00

శపథం! పదకొండో తారీఖున మా అమ్మాయి విద్య స్కూల్లో సైన్స్ ఫెయిర్. ఇంటి వెనక అడవిలోంచి లైటుకొచ్చే చిన్న పురుగుల మీద దాని ప్రాజెక్టు. ఈసారి మాటిచ్చాను: రోజూ ఎనిమిదిన్నర నుంచి గంటసేపు దానితోనే. ఆఫీసు కాగితాలు ముట్టను. పేకాట బంద్!

రాత్రి 9:10

నా పెళ్ళి పంచె రెండు చెట్ల మధ్య కట్టి, బల్బు వేలాడదీశాం. వచ్చింది! గోరంత ఉంది. గోధుమరంగు. రెక్కలు పరిచి పంచెకి అంటుకుపోయింది. బట్టలు కొరికే పురుగనుకుని విదిలించబోయాను.

"నో డాడీ! ఇంచ్‌వర్మ్ గొంగళిపురుగు పెద్దయితే ఇదే," అంది విద్య.

నాకూ పీహెచ్‌డీ ఉంది. కెమిస్ట్రీలో.

మే 3

నాలుగు!! ఫ్రీజర్లో పెడితే చెక్కుచెదరవట. వెన్నలాంటి మార్జరిన్ వచ్చే ఖాళీ డబ్బాలో వేసి అక్కడ పెట్టాను. మీద పేరు రాయాలి. రేపు రాస్తాను.

మే 5

శనివారం. స్నేహితుడు గోపాల్ పేకాటకి పిలిచాడు. వెళ్ళకపోతే ఏం బావుంటుంది? బల్బు వెలుగుతూనే ఉందిగా, పురుగులకి నేనెందుకు?

మే 7

రేపు ఆఫీసులో రిపోర్టు ఇవ్వాలి. విద్య కిటికీ తట్టింది. "డాడీ, గ్రీన్‌ది వచ్చింది!" వస్తున్నా తల్లీ అన్నాను. తలెత్తేసరికి పదిన్నర. పిల్ల పడుకుంది.

మే 9

కొంప మునిగింది! గోపాల్ దంపతులు భోజనానికొచ్చారు. మా ఇంట్లో ఏ మార్జరిన్ డబ్బాలోనూ మార్జరిన్ ఉండదు. ఒకదాంట్లో ఆవకాయ, ఒకదాంట్లో ఎండిన కరివేపాకు. మా ఆవిడ వసుమతి హడావుడిలో కరివేపాకు కోసం ఫ్రీజర్లో చేతికందిన డబ్బా చారు పోపులో ఒంపేసింది.

"ఈ కరివేపాకు రుచే వేరండీ వసుమతిగారూ! ఎక్కడ దొరికింది?" అని గోపాల్ మళ్ళీ పోయించుకున్నాడు.

అప్పుడే విద్య ఐస్‌క్రీమ్ కోసం ఫ్రీజర్ తెరిచింది. "డాడీ, నా మాత్ పురుగులు ఏవి?"

నాకు అర్థమైంది. పొయ్యి పక్కనున్న ఖాళీ డబ్బా వైపు చూశాను. దానికీ అర్థమైంది. గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

మే 10

తప్పు నాది కాదు, డబ్బాది. "చార్టు నేను రాసిస్తానే," అన్నాను.

"వద్దు డాడీ. ఐ హావ్ డేటా."

మే 11. మధ్యాహ్నం

చార్టు పైన: "లైటుకి ఎవరొస్తారు?" కింద రెండు వరసలు. మే 1: పురుగులు 1, డాడీ 1. మే 3: పురుగులు 4, డాడీ 1. మే 5: పురుగులు 3, డాడీ 0. మే 7: పురుగులు 6, డాడీ 0.

జడ్జి ఏం తేలిందని అడిగింది. "డాడీ ఈజ్ నాట్ అట్రాక్టెడ్ టు లైట్," అంది విద్య, చాలా సీరియస్‌గా. రెండో ప్రైజు! అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కార్లో కూర్చున్నాక సిగ్గేసింది.

రాత్రి 8:30

శపథం! ఫెయిర్ అయిపోతేనేం, ఇవాళ్టి నుంచి రోజూ గంటసేపు విద్యతోనే. పోనీ, అరగంట. అది అప్పుడే పెరట్లోకి పరిగెత్తి పిలుస్తోంది.

8:50

ఇంకా పిలుస్తోంది. ఈ శపథం శుభ్రంగా రాసేసి వెళ్తాను.