పడవ మీద పడుకున్న సీల్

బావగారికి,
సముద్రపు ఒడ్డు నుంచి నమస్కారాలు.

మంగళవారం ఉదయం ఆరుంపావుకి ఒక సీల్ వచ్చి నా పడవ మీద పడుకుంది. ఇంకా లేవలేదు. కుక్క మొహం, చేప తోక, మూడు బియ్యం బస్తాల బరువు. సముద్ర జంతువులకి ముప్పై మీటర్ల లోపలికి వెళ్లకూడదని నిబంధన. వెళ్తే మా గైడు లైసెన్సు పోతుంది. ఆరు కయాక్‌లలో, అంటే ఒక్కొక్కరు పట్టే చిన్న పడవల్లో, ఆరుగురం తెడ్లు వేసుకుంటూ విహారానికి బయల్దేరినవాళ్లం. ఒకరిని వదిలేసి మిగతావాళ్లు కదలకూడదట, అదొకటి. ఈ సాయంత్రానికే ఇల్లు చేరాల్సింది. అందరం ఇసకలో కూర్చుని దాన్ని చూస్తున్నాం. శనివారం హార్బరు ఆఫీసులో ఇంటర్వ్యూ సంగతి మరిచిపోలేదు.

మీ బావమరిది

తా.క.: దాన్ని చూస్తే ఆదివారం భోజనం చేసి పడుకున్న మీరు గుర్తొచ్చారు. గౌరవంతోనే రాస్తున్నాను.

*

ఒరే,

నీ ఉత్తరం అందింది. పోయిన ఇంటర్వ్యూకి పంటి నొప్పి. అంతకుముందు దానికి కందిరీగ. ఇప్పుడు సీల్. జంతువులు పెద్దవవుతున్నాయి, ఉద్యోగం మాత్రం రావడం లేదు. ఈ ఉత్తరం తెచ్చిన చేపల పడవలో నువ్వెందుకు రాలేదురా? ఒక చేపని దూరంగా విసిరితే అదే లేచిపోతుంది కదా! హార్బరు అధికారిగారికి మాటిచ్చాను. నా పరువు తీయకు.

నీ మేలు కోరి చెడిన బావ

తా.క.: మీ అక్క నిన్ను నమ్మింది. ఫోటో కావాలట.

*

బావగారికి,
ఎండలో మాడుతూ నమస్కారాలు.

ఎందుకు రాలేదంటే, నా సర్టిఫికెట్లు, ప్యాంటు పడవ అరలో ఉన్నాయి. అర మూత మీద సీల్ ఉంది. సర్టిఫికెట్లు ఎక్కడికెళ్లినా వెంట పెట్టుకోమన్నది మీరే. గైడు అటు తిరిగినప్పుడు మీరు చెప్పినట్టే చేప విసిరాను. మొదటిది లేవలేదు. కొత్తగా రెండొచ్చాయి. అధికారిగారికి ఉన్నదున్నట్టు చెప్పి గడువు అడగండి. నిక్కరుతో ఇంటర్వ్యూకి ఎలా రాను?

మీ బావమరిది

తా.క.: దయచేసి ఇంకో సలహా పంపకండి. పడవలు ఆరే ఉన్నాయి.

*

ఒరే బామ్మర్దీ,

అధికారిగారికి నీ ఉత్తరాలు చదివి వినిపించాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఆ ముప్పై మీటర్ల నిబంధన రాసింది ఆయనేనట! "పాటించినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. వెళ్లి చూద్దాం పదండి" అన్నారు. శనివారం లాంచీలో వస్తున్నాం. ఇంటర్వ్యూ అక్కడే. సీల్ ఉంటే ఉద్యోగం నీదే. లేకపోతే అబద్ధాలకోరువని రాసి పారేస్తారు, ఇక ఏ ఆఫీసూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు. దాన్ని లేపకు. దగ్గొచ్చినా దగ్గకు.

నీ బావ

తా.క.: నాకు ఈత రాదు. మీ అక్క బీమా కాగితం మీద సంతకం పెట్టించుకుంది.

*

బావగారికి,
కంగారుగా నమస్కారాలు.

నిన్న సాయంత్రం మూడు సీల్‌లూ సముద్రంలోకి వెళ్లిపోయాయి. చీకటి పడిందని మేం ఆగిపోయాం. మీ ఉత్తరం ఈ ఉదయం అందింది. ఇన్నాళ్లూ పొమ్మని దండం పెట్టినవాళ్లం, ఇప్పుడు రమ్మని పెడుతున్నాం. ఉన్న చేపలన్నీ విసిరాం. పక్షులు తినిపోయాయి.

మా గుంపులో ఒక రిటైరైన హెడ్మాస్టరుగారున్నారు. మనిషి భారీ. వేసుకున్నది నల్లటి ఈత దుస్తులు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకి అబద్ధం ఆడొద్దని చెప్పారు. నోరు తెరవకుండా పడుకుంటే అది అబద్ధం కిందికి రాదని ఆయనే తేల్చారు. ఇప్పుడు నా పడవ మీద బోర్లా పడుకుని ఉన్నారు. గైడు కొండ వైపు తిరిగి నిలబడ్డాడు.

మీ లాంచీ మలుపు దగ్గర కనిపిస్తోంది. చేపలవాడు ఈ ఉత్తరం మీ చేతికే ఇస్తాడు. ఇది మాత్రం అధికారిగారికి చదివి వినిపించకండి.

మీ బావమరిది

తా.క.: హెడ్మాస్టరుగారు నిజంగానే నిద్రపోయారు. ఇప్పుడే అసలు సీల్ ఒకటి నీళ్లలోంచి వచ్చి ఆయన పక్కన సర్దుకుంటోంది. లేపుదామంటే ముప్పై మీటర్ల లోపలికి వెళ్లకూడదు. ఇంటర్వ్యూ పది గంటలకి.