పీపాలో అన్నయ్య

డెల్ఫీనా అక్కకు,

హాంబర్గ్ పంపాల్సిన నెబ్బియోలో రెడ్ వైన్ సీసాలన్నీ క్షేమంగా బయలుదేరాయి. మేమిద్దరం మాట్లాడుకుంటున్నామా అని అడిగావు. ఎవాజియో అన్నయ్య మాట్లాడాడు.

ఏటా పెద్ద పీపాలు కడిగే తుల్లియో ఈసారి ఒళ్లు చేశాడు. పీపాకున్న చిన్న తలుపులో అతని భుజాలు పట్టలేదు. అందుకని అన్నయ్య దూరాడు, నేను బయట కూర్చున్నాను. టొరినో వెళ్లాక నువ్వు మరిచిపోయి ఉంటావు. లోపలివాడు ఆపకుండా మాట్లాడాలి. గొంతు ఆగిందంటే పీపాలోని వైన్ ఆవిరికి స్పృహ తప్పినట్టే, బయటివాడు లాగేయాలి.

పదకొండేళ్లుగా నాతో మాట్లాడనివాడు గంటన్నర మాట్లాడాడు.

"సొగసైన వైనట. విదేశాలవాళ్లు మెచ్చుకున్నారట. లేబుల్ మీంచి నాన్న పేరు పీకేస్తే వచ్చిందట్రా సొగసు?"

నా గడ్డాన్నీ, కారునూ, మొదటి పెళ్లినీ కూడా వదల్లేదు. బయటివాడి పని వినడమే.

ఉన్నట్టుండి గొంతు ఆగింది. తల లోపలికి దూర్చి, అందిన కాలు పట్టి లాగాను.

"వదలరా, బతికే ఉన్నాను. తిట్లు అయిపోయాయి."

బయటికొచ్చి చేతులు తుడుచుకుని, బ్రష్షు నా చేతిలో పెట్టి, మాట్లాడకుండా భోజనానికి వెళ్లిపోయాడు.

వచ్చే వారం రెండో పీపా. లోపలికి వెళ్లేది నేను. కొత్త లేబుళ్ల మీద నాన్న పేరు మళ్లీ వేయిస్తున్నానని చెప్పాలి. దానికి ఒక నిమిషం చాలు. మిగతా గంటన్నరకు నీకేమైనా తోస్తే వెంటనే రాయి.

నీ తమ్ముడు